పోర్టబుల్ సోలార్ పవర్ స్టేషన్ కొంటున్నారా? వాట్స్ కాదు, ముందు ఒక రాత్రి లెక్క వేయండి

"300 వాట్స్‌ది సరిపోతుందా, 600 వాట్స్‌ది తీసుకోవాలా?" పోర్టబుల్ సోలార్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఇదే. కానీ ఈ ప్రశ్నకి సరైన జవాబు దొరికినా మీరు తప్పు పెట్టె కొనే అవకాశం ఉంది. ఎందుకో ఈ ఆర్టికల్‌లో లెక్కలతో సహా చూద్దాం.

ఉదాహరణకి పాలకొల్లులో ఒక ఇల్లు తీసుకుందాం. మామూలు రోజుల్లో ఇక్కడ కరెంటు పోయినా గంటో రెండు గంటలో. అసలు పరీక్ష తుఫానుకి. 1996 నవంబర్ 6న కోనసీమని ఊడ్చేసిన తుఫాను గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే, అంటే పాలకొల్లుకి పక్కనే తీరం దాటింది. స్తంభాలు పడిపోతే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి రాత్రి ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దాయన, ఆయనకి రోజుకి మూడుసార్లు నెబ్యులైజర్ ఉంటే? అప్పుడు పవర్ స్టేషన్ సరదా గ్యాడ్జెట్ కాదు కదండీ.

అదే పెట్టెని శీతాకాలంలో మారేడుమిల్లి ట్రిప్‌కి కూడా తీసుకెళ్లాలని ఉంటుంది. రెండు పనులకీ ఒకటే సరిపోతుందా? అదీ చూద్దాం.

ముందు పేరు సంగతి

షాపుల్లో, ఆన్‌లైన్‌లో "సోలార్ జనరేటర్" అని అమ్మేది నిజానికి జనరేటర్ కాదు. అది ఒక లిథియం బ్యాటరీ, ఒక ఇన్వర్టర్, ఒక ఛార్జ్ కంట్రోలర్ కలిపి పెట్టిన పెట్టె. అది కరెంటు తయారు చేయదు, దాచుకుంటుంది. తయారు చేసేది విడిగా కొనే సోలార్ ప్యానెల్. గోడకున్న ప్లగ్ నుంచి, కారు సాకెట్ నుంచి కూడా ఈ పెట్టెని నింపుకోవచ్చు. ఈ తేడా గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

వాట్స్ వేరు, వాట్ అవర్స్ వేరు

డాబా మీద వాటర్ ట్యాంక్ ఊహించుకోండి. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయన్నది వాట్ అవర్స్. పైపు ఎంత లావు అన్నది వాట్స్. పైపు లావుగా ఉన్నంత మాత్రాన ట్యాంకు పెద్దదైపోదు.

నిజమైన మోడల్స్‌తో చూద్దాం. ఈకోఫ్లో రివర్ 2 అవుట్‌పుట్ 300 వాట్స్, బ్యాటరీ 256 వాట్ అవర్స్. బ్లూయెట్టి ఈబీ3ఏ అవుట్‌పుట్ 600 వాట్స్, బ్యాటరీ 268 వాట్ అవర్స్. రెండోదాని మీద 600 అని పెద్దగా కనిపిస్తుంది. కానీ రాత్రంతా ఫ్యాన్ తిప్పాలంటే రెండూ దాదాపు ఒకే సమయానికి ఆగిపోతాయి. ఎంత పెద్ద వస్తువు నడుస్తుందో చెప్పేది వాట్స్. ఎంతసేపు నడుస్తుందో చెప్పేది వాట్ అవర్స్.

ఇంకో ట్రిక్ ఎంఏహెచ్. "80,000 ఎంఏహెచ్" అని పెట్టె మీద రాస్తే చాలా పెద్దదిలా అనిపిస్తుంది. లిథియం సెల్ వోల్టేజ్ 3.7 తో లెక్కేస్తే అది 296 వాట్ అవర్స్ మాత్రమే. ఎంఏహెచ్ ఒక్కటే రాసి వాట్ అవర్స్ రాయని పెట్టె దగ్గర ఆగి ఆలోచించండి.

ఒక రాత్రికి ఎంత కావాలి?

ఇప్పుడు మన పాలకొల్లు ఇంటికి ఒక తుఫాను రాత్రి లెక్క:

- 30 వాట్స్ డీసీ ఫ్యాన్ ఒకటి, 9 గంటలు: 270
- 9 వాట్స్ ఎల్ఈడీ లైట్లు రెండు, 5 గంటలు: 90
- మూడు ఫోన్ల ఛార్జింగ్: సుమారు 45
- నెబ్యులైజర్ 150 వాట్స్, 15 నిమిషాలు, మూడుసార్లు: సుమారు 112

మొత్తం 517 వాట్ అవర్స్. అయితే పెట్టె మీద రాసినదంతా మన చేతికి రాదు. కన్వర్షన్‌లో కొంత పోతుంది. 85 శాతం వస్తుందని అనుకుంటే, 517 వాడుకోవడానికి సుమారు 608 ఉన్న బ్యాటరీ కావాలి. ఇది ఒక్క రాత్రికి.

నెబ్యులైజర్ సంగతి గమనించండి. రోజు మొత్తానికి అది తాగే కరెంటు తక్కువే. కానీ ఆన్ చేసిన క్షణంలో లోపలి కంప్రెసర్ మోటార్ ఎక్కువ పవర్ లాగుతుంది. మరీ చిన్న పెట్టె అక్కడే ట్రిప్ అవుతుంది. మోడల్‌ని బట్టి వాట్స్ చాలా మారతాయి కాబట్టి మీ మెషీన్ వెనక లేబుల్ చూడండి. పవర్ స్టేషన్‌కి సర్జ్ పవర్ ఎంతో, ప్యూర్ సైన్ వేవ్ అవుట్‌పుట్ ఉందో లేదో కూడా చూడాలి. మోటార్లు, మెడికల్ మెషీన్లు ఉన్న ఇంటికి మోడిఫైడ్ సైన్ వేవ్ వద్దు.

ఇంకో మాట. యూఎస్‌బీ మీద, చిన్న బ్యాటరీల మీద నడిచే మెష్ నెబ్యులైజర్లు ఉన్నాయి. మీరు వాడే మందుకి అది సరిపోతుందేమో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ కథ మాత్రం పూర్తిగా వేరు. 5 లీటర్ల మెషీన్ 300 వాట్స్ పైనే తీసుకుంటుంది. ఎనిమిది గంటలకే 2,400 వాట్ అవర్స్ దాటుతుంది. అలాంటి పేషెంట్ ఉన్న ఇంట్లో ఈ పెట్టెలని నమ్ముకోవద్దు. హెచ్చరిక రాగానే సిలిండర్ ఏర్పాటు చేసుకోవడం, లేదా ఆసుపత్రి ఉన్న ఊరికి ముందే మారిపోవడం మంచిది.

బ్యాటరీ పెంచే ముందు ఫ్యాన్ మార్చండి

పై లెక్కలో 30 వాట్స్ ఫ్యాన్ ఉంది కాబట్టే 608 తో సరిపోయింది. దాని బదులు 60 వాట్స్ మామూలు పెడస్టల్ ఫ్యాన్ పెడితే అవసరం 926 కి వెళ్తుంది. దాని కోసం పెట్టెలోని ఏసీ ఇన్వర్టర్ రాత్రంతా ఆన్‌లో ఉండాలి. ఏమీ నడవకపోయినా ఆ ఇన్వర్టరే 10 వాట్స్ లేదా అంతకన్నా ఎక్కువ తాగుతుంది. తొమ్మిది గంటలకి ఇంకో 90. అంటే లెక్క వెయ్యి దాటింది.

కాబట్టి 12 వోల్ట్స్ డీసీ టేబుల్ ఫ్యాన్ ఒకటి తీసుకుని పెట్టె డీసీ పోర్టుకే తగిలించండి. లైట్లు, ఫోన్లు కూడా డీసీ, యూఎస్‌బీ పోర్టుల మీదే నడపండి. నెబ్యులైజర్ పెట్టినప్పుడే ఏసీ బటన్ నొక్కండి, అయిపోగానే ఆపేయండి. ఒక చిన్న ఫ్యాన్ ఖర్చుతో దాదాపు 400 వాట్ అవర్స్ బ్యాటరీ మిగిలినట్టే.

రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్, నీళ్ల మోటార్ ఈ లిస్టులో లేవు, ఉండకూడదు కూడా. వేడి పుట్టించే వస్తువులు బ్యాటరీని నిమిషాల్లో ఖాళీ చేస్తాయి. ఒక హార్స్‌పవర్ మోటార్ అంటేనే 746 వాట్స్, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు. తుఫాను ముందు ట్యాంకు నింపేసుకోవడమే దీనికి మందు. ఇక చెరువుల వాళ్లకి ఒక్క మాట: రెండు హార్స్‌పవర్ ఏరేటర్ ఒక రాత్రికి 12,000 వాట్ అవర్స్ దాకా అడుగుతుంది. దానికి డీజిల్ జనరేటరే దిక్కు.

ప్యానెల్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు

100 వాట్స్ ప్యానెల్ అంటే ల్యాబ్‌లో 100 వాట్స్. ప్యానెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకి 1000 వాట్స్ ఉన్నప్పటి మాట అది. మన డాబా మీద వేసవి మధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగే కొద్దీ సిలికాన్ ప్యానెల్ ఇచ్చేది తగ్గుతుంది. అన్నీ కలిపి 70 శాతం అందితే బాగా అందినట్టే. 200 వాట్స్ ప్యానెల్ పెట్టి, అయిదు గంటల మంచి ఎండ ఉంటే 700 వాట్ అవర్స్ వస్తాయి. ఛార్జింగ్‌లో పోయేది తీసేసినా సుమారు 630. అంటే మన ఇంటి ఒక రాత్రి ఖర్చు తిరిగి వచ్చేస్తుంది.

అదంతా ఎండ ఉన్న రోజున. మబ్బు దట్టంగా ఉంటే అదే ప్యానెల్ ఇరవై శాతమే ఇవ్వచ్చు, అంతకన్నా తక్కువా ఇవ్వచ్చు. తుఫాను రోజున అసలు ప్యానెల్ బయట పెట్టకూడదు. ఆ గాలికి అది ఎగిరి ఎవరి మీద పడుతుందో తెలియదు. మనకి సోలార్ అత్యవసరమైన రోజునే సూర్యుడు ఉండడు. అందుకే డెల్టాలో లెక్క ఇలా ఉండాలి: మొదటి రాత్రి, వీలైతే రెండో రాత్రి కూడా, ముందే నింపి పెట్టుకున్న బ్యాటరీ మీద గడవాలి. వాన తెరిపిచ్చాక ప్యానెల్ పనిలోకి దిగుతుంది.

బ్యాటరీ ఎప్పుడు నింపాలి? వాతావరణ శాఖ తీరానికి తుఫాను అలర్ట్ సాధారణంగా 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తుంది. అలర్ట్ వినగానే గోడ ప్లగ్‌కి పెట్టి నూటికి నూరు శాతం నింపేయండి.

ఇంకో స్థానిక సమస్య కొబ్బరి చెట్లు. ప్యానెల్ మీద ఒక మట్ట నీడ పడితే చాలు, నీడ పడిన భాగం మాత్రమే కాదు, దానితో సిరీస్‌లో ఉన్న సెల్స్ అన్నీ దెబ్బతింటాయి. ప్యానెల్‌లో పదో వంతు నీడ పడితే పవర్ పదో వంతు కాదు, చాలా ఎక్కువ తగ్గుతుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎక్కడికి కదులుతుందో డాబా మీద ఒక రోజు చూసుకోండి. పాలకొల్లు సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ప్యానెల్ దక్షిణం వైపు తిప్పి, కొద్దిగా వాలుగా పెడితే ఏడాది పొడవునా సరిపోతుంది. నవంబర్, డిసెంబర్‌లో వాలు ఇంకాస్త పెంచండి. మే, జూన్‌లో పడుకోబెట్టినా ఇబ్బంది లేదు.

విడిగా ప్యానెల్ కొంటే వోల్టేజ్ తప్పకుండా చూడాలి. పవర్ స్టేషన్ సోలార్ ఇన్‌పుట్‌కి ఒక గరిష్ఠ వోల్టేజ్ ఉంటుంది. డాబాల మీద పెట్టే 500 వాట్స్ పైబడిన పెద్ద ప్యానెల్స్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 50 దగ్గర ఉంటుంది. 28 వోల్ట్స్ దాకా మాత్రమే తీసుకునే చిన్న పెట్టెకి దాన్ని తగిలిస్తే ఇన్‌పుట్ కాలిపోతుంది. రెండు ప్యానెల్స్ సిరీస్‌లో కలిపితే వోల్టేజ్ కూడుతుందని మర్చిపోవద్దు. కంట్రోలర్ ఎంపీపీటీ రకం అయితే మబ్బు రోజుల్లో పీడబ్ల్యూఎం కన్నా మెరుగ్గా లాగుతుంది.

ఇంట్లో ఇప్పటికే ఉన్నవి?

ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే తొందరపడి పవర్ స్టేషన్ కొనకండి. 12 వోల్ట్స్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్స్. లెడ్ యాసిడ్ కాబట్టి సగం వరకే వాడితే బ్యాటరీ ఎక్కువ కాలం ఉంటుంది. ఆ సగమే 900. దానికి సరిపడే సోలార్ ఛార్జ్ కంట్రోలర్, ప్యానెల్స్ జోడిస్తే తక్కువ ఖర్చులో ఇంటి అవసరం తీరిపోతుంది. మోసుకెళ్లలేరు, అంతే.

డాబా మీద పీఎం సూర్యఘర్ కింద సోలార్ పెట్టించుకున్నవాళ్లు చాలామంది "మాకు కరెంటు పోయినా పరవాలేదు" అనుకుంటారు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ అయితే అది నిజం కాదు. లైన్‌లో కరెంటు పోగానే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. బాగుచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు తగలకూడదని కావాలనే అలా పెట్టారు.

ఇదే కారణంతో ఒక హెచ్చరిక. పవర్ స్టేషన్ నుంచి రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ సాకెట్‌కి కరెంటు ఎక్కించి ఇల్లంతా వెలిగించాలని ఎప్పుడూ చూడొద్దు. ఆ కరెంటు బయటి లైన్‌లోకి వెళ్లచ్చు. తుఫాను మర్నాడు అక్కడ పని చేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. పెట్టెకి తగిలించే వస్తువుని నేరుగా పెట్టెకే తగిలించండి.

అమెరికా నుంచి తెప్పించుకుందామా?

గోదావరి జిల్లాల్లో ప్రతి వీధికి ఒకరిద్దరు అమెరికాలో ఉంటారు. "అక్కడ ఆఫర్‌లో చవగ్గా ఉంది, మా అబ్బాయి వచ్చేటప్పుడు తెస్తాడు" అనుకుంటే రెండు అడ్డంకులు. ఒకటి, విమానంలో 100 వాట్ అవర్స్ దాటిన బ్యాటరీకి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 160 దాటితే ప్యాసింజర్ బ్యాగేజీలో తేనివ్వరు. రెండు, అక్కడి మోడల్ ఏసీ అవుట్‌పుట్ 120 వోల్ట్స్. మన నెబ్యులైజర్, మన ఫ్యాన్ 230 వోల్ట్స్, 50 హెర్ట్జ్ మీద నడిచేవి. ఇక్కడ, బిల్లుతో, మన వోల్టేజ్‌కి చేసినదే కొనండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

- బ్యాటరీ రకం: ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. 2,000 నుంచి 3,000 సార్లు ఛార్జ్ చేసినా 80 శాతం సామర్థ్యం మిగిలేలా చేస్తారు. ఎన్ఎంసీ రకం తేలిక, కానీ సైకిల్స్ తక్కువ, వేడిని తట్టుకోవడంలోనూ వెనకే.
- బరువు: వెయ్యి వాట్ అవర్స్ పెట్టె పది కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. ఈకోఫ్లో డెల్టా 2 బ్యాటరీ 1,024 వాట్ అవర్స్, బరువు సుమారు 12 కిలోలు. వెయ్యి అని రాసి నాలుగు కిలోలే తూగితే నమ్మొద్దు.
- ధర: రేటుని వాట్ అవర్స్‌తో భాగించండి. రెండు మోడల్స్ పోల్చడానికి ఇంతకన్నా సూటి మార్గం లేదు.
- బీఐఎస్ గుర్తు: లేబుల్ మీద ఉన్న రిజిస్ట్రేషన్ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.
- సర్వీస్: భీమవరం, రాజమండ్రి, కనీసం విజయవాడలో సర్వీస్ సెంటర్ ఉందా? ఇంత బ్యాటరీని కొరియర్‌లో పంపడం తేలిక కాదు.
- తడి: మడత ప్యానెల్స్ వాన తట్టుకున్నా పెట్టె తట్టుకోదు. నీళ్లు వచ్చే ఇంట్లో నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. పేరుపాలెం బీచ్‌కి తీసుకెళ్తే ఇసుక, ఉప్పుగాలి తగలకుండా చూసి, ఇంటికొచ్చాక పోర్టులు పొడి గుడ్డతో తుడవండి.

మరి క్యాంపింగ్‌కి?

ఒకట్రెండు రాత్రులకి ఫోన్లు, కెమెరా, రెండు లైట్లు, ఒక చిన్న ఫ్యాన్ అంటే 250 నుంచి 300 వాట్ అవర్స్ చాలు. రివర్ 2 లాంటిది మూడున్నర కిలోలే, ఒక చేత్తో పట్టుకెళ్లచ్చు. మారేడుమిల్లి లాంటి అడవిలో చెట్ల నీడే ఎక్కువ కాబట్టి ప్యానెల్ మోసుకెళ్లినా పెద్దగా లాభం ఉండదు. దానికన్నా కారు సాకెట్ నయం. అది గంటకి సుమారు 100 వాట్ అవర్స్ ఇస్తుంది. పాలకొల్లు నుంచి రాజమండ్రి మీదుగా మూడు నాలుగు గంటల ప్రయాణంలో చిన్న పెట్టె దాదాపు నిండిపోతుంది. కారు ఆగి ఉన్నప్పుడు మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, పొద్దున్నే కారు స్టార్ట్ అవదు.

మా మాట

ఇంట్లో పెద్దవాళ్లో, నెబ్యులైజర్ లాంటి అవసరమో ఉంటే సుమారు 1,000 వాట్ అవర్స్ ఎల్ఎఫ్‌పీ పెట్టె, 200 వాట్స్ ప్యానెల్, ఒక డీసీ ఫ్యాన్ తీసుకోండి. వెయ్యిలో చేతికొచ్చేది 850 పైచిలుకు. మొదటి రాత్రి 517 పోతే, రెండో రాత్రికి ఒక ఫ్యాన్, రెండుసార్లు నెబ్యులైజర్ నడిచేంత మిగులుతుంది. మూడో రోజుకి ఎండ వస్తే ప్యానెల్ అందుకుంటుంది. 12 కిలోలు కారు డిక్కీలో బరువేం కాదు కాబట్టి క్యాంపింగ్‌కీ ఇదే పనికొస్తుంది. కేవలం ట్రిప్పుల కోసమైతే 250 నుంచి 300 చాలు, ప్యానెల్ అక్కర్లేదు. మంచి ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దానికి సోలార్ జోడించుకోవడం మేలు.

కొన్నాక అటక మీద పడేయకండి. మామూలు రోజుల్లో సగం పైన ఛార్జ్‌తో చల్లటి చోట ఉంచి, మూడు నెలలకోసారి బయటికి తీయండి. ఒక రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసి, పైన చెప్పిన వస్తువులన్నీ దాని మీదే నడిపి చూడండి. నాన్నగారి నెబ్యులైజర్ ఆ పెట్టె మీద నడుస్తుందో లేదో తెలుసుకోవాల్సింది మామూలు రాత్రి, తుఫాను రాత్రి కాదు. నడవకపోతే బిల్లు, రిటర్న్ గడువు ఇంకా చేతిలోనే ఉంటాయి.